ఎడమవైపు మిగిలిన బిళ్ళ

"ఆ బిళ్ళ కుడివైపుకి వచ్చేదాకా నేను తాళంచెవి తిప్పను," అంది నోయెల్లా.

సడ్‌బరీ గనిలో పగటి షిఫ్టు ముగిసింది. లోపల రాతిలో కూరిన మందు పేలి, పొగ పోతేగానీ రెండో షిఫ్టు దిగడానికి లేదు. పేల్చే తాళంచెవి నోయెల్లా దగ్గరుంది. ఎదురుగా గోడకి పలక. గనిలోకి దిగేవాడు తన పేరున్న ఇత్తడి బిళ్ళని ఎడమవైపు కొక్కేనికి తగిలిస్తాడు. పైకొచ్చాక కుడివైపుకి మారుస్తాడు. అన్నీ కుడివైపుకి వచ్చేశాయి, మార్సెల్‌ది తప్ప.

"వాడు పైకొచ్చాడు తల్లీ!" షిఫ్టు పెద్ద గస్ విసుక్కున్నాడు. "బట్టల గదిలో చూసొచ్చా. వాడి గొలుసు ఖాళీ."

దిగేముందు ఇంటిబట్టలు గొలుసుకి కట్టి పైకప్పుదాకా లాగడం, పైకొచ్చాక దించుకోవడం అక్కడి అలవాటు.

"బట్టల సంగతి నాకొద్దు గస్. నాకు బిళ్ళే సాక్షి."

"మార్సెల్‌గాడికి పెళ్ళాం పేరే గుర్తుండదు, బిళ్ళ గుర్తుంటుందా!" రెండో షిఫ్టులో ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. "మా షిఫ్టు ఈ పలక ముందే తెల్లారేట్టుంది."

"తెల్లారనీ. మనిషి పోతే మీరు తెచ్చిస్తారా?"

గస్ గొణుక్కుంటూ బయటి మంచులోకి వెళ్ళాడు.

నోయెల్లా మళ్ళీ పలక చూసింది. మార్సెల్ కొక్కెం పక్కది ఆర్వోది. అందరికన్నా ఆఖర్న వచ్చే ఆర్వో బిళ్ళ ఇవాళ ముందే కుడివైపుకి చేరింది. రోజూ కిటికీలోంచి ఓ పిప్పరమెంటు అందించి, "వస్తా అక్కా," అననిదే కదలడు. ఇవాళ చెప్పకుండానే వెళ్ళిపోయాడు. నిన్న తను వాళ్ళ హాకీ జట్టుని వెక్కిరించినందుకు అలిగాడేమో అనుకుంది.

గస్ మార్సెల్‌ని మెడపట్టి తెచ్చాడు. "బండిలో హీటరు వేసుకుని గుర్రుపెడుతున్నాడు, మహారాజు!"

చలిలోంచి వెచ్చటి గదిలోకి రాగానే మార్సెల్ కళ్ళజోడు తెల్లగా మసకేసింది.

"తుడుచుకోరా, గోడకి గుద్దుకుంటావ్!" అన్నాడు గస్.

"అది కాదక్కా, నేను వచ్చేప్పుడే..."

"నోరు మూసుకుని ముందు బిళ్ళ మార్చు," అంది నోయెల్లా.

మార్సెల్ మార్చాడు. ఎడమవైపు ఒక్కటీ లేదు. నోయెల్లా సిలువ గుర్తు వేసుకుంది. "ప్రభూ, అందరినీ పైకి చేర్చావు," అని రోజూ అనుకునేదే అనుకుని, తాళంచెవి తిప్పింది.

కాళ్ళకింద నేల వణికి సర్దుకుంది.

"ఇప్పుడైనా వింటావా?" మార్సెల్ కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నాడు. "పైకి రాగానే బిళ్ళ మార్చానక్కా, ఒట్టు. అప్పుడూ ఇలాగే మసకేసింది. కనపడక చేత్తో తడిమి తీశా. కానీ మార్చా. మళ్ళీ ఎడమవైపుకి ఎలా వచ్చిందో!"

నోయెల్లా చూపు పక్క కొక్కెం మీద ఆగింది. మరుక్షణం బట్టల గదికి పరుగెత్తింది.

పైకప్పు దగ్గర, గొలుసుకి, ఆర్వో కోటు ఇంకా మెల్లగా ఊగుతోంది.