కండువా కింద

"మామయ్యగారూ, కొంచెం ఎడమకి తిరగండి. ఆఁ... ఇప్పుడు అసలు కనబడట్లేదు!"

హిమజ వెనక్కి జరిగి చూసుకుని, బొమ్మ గీసిన చిన్నపిల్లలా మురిసిపోయింది.

కోటయ్య మెడ కింద డయాలసిస్ పైపు ఉంది. ఒక కొస లోపల రక్తనాళంలో ఉంటుంది. బయటి కొసను అత్తగారు జయలక్ష్మి పైకి మడిచి, పిన్నీసుతో బనీనుకు బిగించి, మీద పట్టు కండువా వేసింది. బట్టల కొట్టుకు వెళ్లినా, పెళ్లికి వెళ్లినా అదే మడత, అదే పిన్నీసు.

హిమజ పెళ్లిచూపుల నాడూ ఆ కండువా అలాగే ఉంది. కాపురానికి వచ్చాకే ఆమెకు సంగతి తెలిసింది.

అలిగింది కూడా. భర్త ఫణి మూర మల్లెపూలు తెచ్చి, "కోపం తగ్గేదాకా రోజూ తెస్తా" అన్నాడు.

పూలు రోజూ వస్తున్నాయి. అందుకని కోపం ఇంకా తగ్గలేదనే చెబుతోంది.

ఇవాళ ఆడపడుచు సాహితికి పెళ్లిచూపులు. మాచర్ల సంబంధం.

"ఏమే హిమజా, మీ మామ జబ్బు సంగతి గడప దాటకూడదు. సంబంధం తప్పిపోయిందంటే సాహితి మొహం నేను చూడలేను."

"నాకు వదిలేయండి అత్తయ్యా."

ఇంటి గుట్టు తన చేతికి రావడం ఆమెకు తాళాల గుత్తి నడుముకు దోపుకున్నంత గొప్పగా ఉంది.

మాచర్ల వాళ్లు వచ్చి కూర్చున్నారు. బజ్జీల పళ్లాలు తిరుగుతున్నాయి. కాలింగ్ బెల్ మోగింది.

గుమ్మంలో ఒక నడివయసు ఆవిడ. భుజాన బ్యాగు. ఎండకు ముఖం కందిపోయి ఉంది.

"కోటయ్యగారిల్లు ఇదేనా అమ్మా? డయాలసిస్..."

హిమజ గభాలున బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"ఆ కోటయ్యగారు వేరేనండీ. స్టేషన్ రోడ్డు వైపు ఉంటారు."

"నర్సు మైమూనా ఈ ఇల్లే చెప్పింది. నా పేరు వాసంతి. ఆయన మెడ పైపు ఇంట్లో ఎలా పెట్టుకుంటున్నారో ఒక్కసారి చూసి వెళ్లిపోతాను."

"పైపేంటండీ! మా ఇంట్లో జబ్బుమనుషులు ఎవరూ లేరు."

లోపలి నుంచి మాచర్ల పెద్దాయన కేకేశాడు. "ఎవరమ్మాయ్?"

"ఎవరో కంపెనీ ఆవిడ బాబాయిగారూ! ఏందో అమ్ముకోడానికి వచ్చింది!"

ఆవిడ ముఖం చిన్నబోయింది. తలుపు సందులోంచి లోపలికి చూసింది. నడి వేసవిలో పట్టు కండువా కప్పుకుని కూర్చున్న మనిషి. కండువా కింద, మెడ పక్కన చిన్న ఎత్తు.

"సరే తల్లీ, లేరనే అనుకుందాం." గొంతు తగ్గించి, బ్యాగులోంచి మెత్తటి నీలం రబ్బరు తొడుగు తీసి హిమజ చేతిలో పెట్టింది. "దీన్ని ఆయన మడిచే చోట..."

"హిమజా! కాఫీలు!" జయలక్ష్మి పిలిచింది.

"అలాగేనండీ, వాడి చూసి చెబుతాం."

తలుపు పడింది.

అత్తగారు కళ్లతోనే మెచ్చుకుంది. హిమజకు ఆ చూపు చాలు.

వంటింట్లో గుప్పిట విప్పి చూసింది. ఆకాశం రంగు. వంచితే వంగుతుంది, వదిలితే మళ్లీ గుండ్రంగా వచ్చేస్తుంది. తన చీరా అదే రంగు. జడ కొసకు తొడిగి చూసుకుంది. భలే కుదిరింది!

కాఫీ అందిస్తుంటే ఫణి జడ వంక చూసి కనుబొమ్మలు ఎగరేశాడు. ఆమెకు పట్టపగలే పండు వెన్నెల కాసినట్టయింది.

"పిల్ల మాకు నచ్చింది బావగారూ. ముహూర్తాలు పెట్టించండి," అంటూ పెద్దాయన లేచాడు.

కోటయ్య ఆనందం పట్టలేక రెండు చేతులూ చాచి ఆయన్ను కావలించుకున్నాడు.

వాళ్ల కారు వీధి మలుపు తిరిగింది.

"ఏందే... ఛాతీ మీద తడిగా ఉంది," అంటూ కోటయ్య కుర్చీలో కూలబడ్డాడు.

జయలక్ష్మి కండువా ఎత్తింది. మడత దగ్గర పైపు చీలిపోయింది. బనీను నెత్తురుతో తడిసి ముద్దయింది.

ఎక్కడ నొక్కిపట్టాలో ఎవరికీ తెలియలేదు. ఫణి ఆయన్ను చేతుల మీద ఎత్తుకుని పరుగెత్తాడు.

"కండువా కప్పరా! వీధిలో చూస్తారు!" వెనకాలే జయలక్ష్మి అరిచింది.

ఆస్పత్రిలో ఆయన్ను లోపలికి తీసుకెళ్లారు. ఎంతోసేపటికి మైమూనా బయటికి వచ్చి, ఫణి ముఖం చూడలేక తల దించుకుంది.

ఫణి గోడకు చేరబడిపోయాడు. జయలక్ష్మి తడిసిన కండువాను గుండెకు అదుముకుంది.

"మొన్న వచ్చినప్పుడు పైపు మీద తెల్లగా గీత పడి ఉంది," అంది మైమూనా. "ఇంట్లో మడుస్తున్నారా పెద్దాయనా అంటే లేదనే అన్నాడు. వచ్చేసారికి పైపు మారుద్దామనుకున్నాం. ఈలోపు జాగ్రత్త చెబుతుందని వాసంతి మేడాన్ని మీ ఇంటికి పంపించా. రాలేదా?"

"ఎవరో వచ్చారు..." అంది హిమజ. "అమ్ముకోడానికి అనుకున్నా..."

తల వంచేసరికి జడ భుజం మీంచి ముందుకు జారింది. మైమూనా చూపు దాని కొస దగ్గర ఆగిపోయింది.

"అమ్ముకోవడమేందమ్మా, ఆ పైపులు తయారుచేసే ఇంజినీరమ్మ ఆవిడ, మడత పడ్డా చీలకుండా ఉండేందుకు తొడుగు ఒకటి చేసి, మొట్టమొదట మీ మామకే తన చేత్తో తొడగాలని తెచ్చుకుంది," అంటూ మైమూనా చెయ్యి చాచి హిమజ జడ కొసను పట్టుకుంది, "ఇదిగో, ఇదే."