ఎర్రచుక్క

గృహహింస బాధితులకు అండగా నిలిచే కార్యకర్తల శిక్షణ ముగిసేసరికి చీకటిపడింది. అందరూ వెళ్లిపోయినా ఆమె ఒక్కతే గదిలో ఉండిపోయింది. "ఎదుటి మనిషి ఫోన్‌లో దొంగచాటుగా నిఘా యాప్ పెట్టినవాళ్లు, ప్రేమకొద్దీ పెట్టామనే అంటారు," అని శిక్షకురాలు చెప్పినప్పుడు ఆమె తల దించుకుంది. భర్తకు ఇంకెవరితోనో సంబంధం ఉందన్న అనుమానంతో, ఆరు నెలల కిందట ఆమె చేసిన పనీ అదే.

ఈ పూటే దాన్ని తీసేద్దామనుకుంది. తీసేముందు ఆఖరిసారి చూడకుండా ఉండలేకపోయింది. భర్త ఎక్కడున్నాడో చూపే ఎర్రచుక్క ఇంటి దగ్గర లేదు. ఈ భవనం మీదే ఉంది.

కింది అంతస్తులో పళ్ల డాక్టరు దగ్గర పనిచేసే పిల్ల గుర్తొచ్చి ఆమెకు ఒళ్లు మండింది. వెంటనే ఫోన్ చేసింది.

"ఎక్కడున్నారు?"

"ఇంట్లోనే. నువ్వు?"

ఈ కార్యకర్త ఉద్యోగం మానేశానని ఆయనతో అబద్ధం చెప్పి నాలుగు నెలలైంది. "అక్క వాళ్లింట్లో," అంది.

ఆమె కింది అంతస్తు వైపు చెవి పెట్టింది. అక్కడ అలికిడే లేదు.

"అందరూ వెళ్లిపోయారు కదా. ఇంకా ఎవడి కోసం కూర్చున్నావ్?"

ఆ మాట మొదట గది తలుపు అవతల నుంచి వినిపించింది. ఆ తర్వాతే ఫోన్‌లో.