ఘాటు దిగాల్సిన బండి

శక్తినగర్ క్రాసు దగ్గర బూడిద లారీ ఉన్నట్టుండి ఆగింది. వెనక వస్తున్న రంగనాయకులు గబుక్కున బ్రేకు తొక్కాడు. ఏడు సీట్ల బండి కీచుమని అరిచి, లారీకి జానెడు దూరంలో ఆగింది.

పక్క సీట్లో ఉన్న భార్య తులసమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"గ్యారేజీకి తిప్పుండ్రి."

"ఇప్పుడే గదా కడిగిచ్చినం. బ్రేకులల్లకు నీళ్లు పోయినట్టున్నయి. ఆరితే అదే పోతది."

"నాలుగు దినాల నుంచి అరుస్తున్నది. నాలుగు దినాల నుంచి ఆరుతనే ఉన్నదా?"

వాళ్లు బయల్దేరింది బజారుకి. ఇంట్లో గ్యాసు పొయ్యి ఒకవైపు వెలగడం మానేసి రెండు నెలలైంది. కొత్త పొయ్యి కోసం దాచిన డబ్బు తులసమ్మ పర్సులో ఉంది.

"రేపు పొద్దున బండి శ్రీశైలం పోవాల," అంది తులసమ్మ. "యాదున్నదా?"

యాదుంది. అందుకే బండి తిప్పాడు.

మెకానిక్ మహాంతేశ్ జాకీ పెట్టి ముందు చక్రం ఊడదీశాడు. లోపల పేరుకున్న బూడిదను బ్రష్షుతో దులిపాడు. వేలు పెట్టి చూసి, నాలుక చప్పరించాడు.

"ప్యాడ్లు అయిపోయినయి సార్. డిస్కు మీద గీతలు గూడ పడ్డయి."

"ఎంతైతది?"

"కంపెనీ ప్యాడ్లు మూడువేల తొమ్మిది వందల యాభై. డిస్కులు లేతు మిషను పట్టిచ్చి గీతలు తీపియ్యాల, ఎనిమిది వందలు. నా కూలి ఆరు వందలు."

"ఐదువేల మూడు వందల యాభయ్యా?" రంగనాయకులు గొంతు పెరిగింది. "ఇప్పుడు, ఈ బండికి?"

"బ్రేకు సార్, సీటు కవరు గాదు."

"రేపు పొద్దుననే బండి శ్రీశైలం పోవాల. ఇంక ఏ దారీ లేదా?"

మహాంతేశ్ తల గోక్కున్నాడు. "ఉన్నది. పాతవే తీసి, ఉప్పుకాగితంతోటి రుద్ది, మళ్ల పెడ్త. మూడు వందలియ్యుండ్రి. పది దినాలు కీచుమనదు. తిరిగొచ్చినంక మార్చుకోండ్రి."

రంగనాయకులు ముఖం విప్పారింది. "అట్ల చెప్పు మరి! చాలు, అదే చెయ్యి."

"చాలా?" అంది తులసమ్మ. స్టూలు మీద కూర్చున్న మనిషి లేచి వచ్చింది. "చప్పుడు పోతే చాలా మీకు?"

"పది దినాలంటున్నడు గదా."

"పది దినాలు అరవదు అన్నడు. ఆగుతది అనలే."

"నీకు తెల్వదు, ఊకో. ఎవరన్న అడిగితే..."

"అడగరు. మనల్ని నమ్మి ఎక్కుతరు. అదే నా పరేషాన్."

రంగనాయకులు అటు తిరిగి నిలబడ్డాడు. కరెంటు ప్లాంటులో బాయిలరు దగ్గర ఇరవై ఎనిమిదేళ్ల నౌకరీ అతనిది. ప్రెషరు ఎంతుందో తన కళ్లతో చూడకుండా ఏనాడూ రిజిస్టరులో సంతకం పెట్టలేదు. 'మీటరు ముల్లు పట్టుకుని ఊగే మనిషి' అని తోటివాళ్లు నవ్వేవాళ్లు. ఆ సంగతి తులసమ్మకు తెలుసు. గుర్తు చేయలేదు.

అతనే వంగి పాత ప్యాడు చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో నిమిరాడు. అరగాల్సిందంతా అరిగి, వెనక రేకు చల్లగా తగిలింది.

"మహాంతేశ్, ఒక మాట నిజం చెప్పు. దోమలపెంట దాటినంక ఘాటు రోడ్డు, అంతా దిగుడే. బండి నిండ మనుషులు. ముగ్గురు పిల్లలు. గిది పెట్టుకోని నువ్వైతే దిగుతవా?"

మహాంతేశ్ చేతులు తుడుచుకున్నాడు. గుడ్డను రెండుసార్లు మడిచాడు.

"లేదు సార్. నేనైతే దిగ."

రంగనాయకులు ప్యాడును కింద పడేశాడు. "కంపెనీవే తెప్పియ్యి."

తులసమ్మ పర్సు తెరిచింది. అతను మొహమాటంగా చూశాడు.

"మరి నీ పొయ్యి?"

"ఒకవైపు వెలుగుతనే ఉన్నది గదా. అన్నమైనంక పప్పు పెడ్త. అందాక ఆకలికి ఆగుండ్రి."

డిస్కులు లేతు పట్టి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఇద్దరూ గ్యారేజీలోనే మిర్చి బజ్జీలు తిన్నారు. కొత్త ప్యాడ్లు బిగించి, మహాంతేశ్ తాళాలిచ్చాడు.

"ఆయ్తు సార్, అయిపోయింది. కొత్తయి గదా, ఇరవై ముప్పై సార్లు తొక్కితే గాని కుదురుకోవు. ఘాటు రోడ్డుకు పోకముందే తొక్కుండ్రి."

అలాగే తొక్కాడు రంగనాయకులు. దేవసూగూరు రోడ్డు మీద బండిని అటొకసారి, ఇటొకసారి తిప్పాడు. వేగం పెంచడం, ఆపడం. మళ్లీ పెంచడం, మళ్లీ ఆపడం. రోడ్డు పక్క కొబ్బరిబోండాల ముసలాయన వీళ్లకేమైందోనని లేచి నిలబడ్డాడు.

"మంది నవ్వుతరు, ఇంక చాలు," అంది తులసమ్మ, తనే నవ్వుతూ.

"ముప్పై అన్నడు. ఇరవై ఆరే అయినయి."

ముప్పయ్యోసారి బండి కిక్కురుమనకుండా, ఎక్కడ అనుకున్నాడో అక్కడ ఆగింది. అతను బ్రేకు మీద కాలు అలాగే ఉంచి, కాసేపు హాయిగా కూర్చుండిపోయాడు.

మర్నాడు పొద్దున ముగ్గురు పిల్లలూ, వాళ్ల అమ్మా, అవ్వా బండెక్కి సర్దుకున్నాక, రంగనాయకులు "బ్రేకులు మంచిగున్నయి, నిమ్మళంగ పోండ్రి" అని మాత్రం చెప్పి, పది రోజుల కిందటే మొత్తం పైకం కట్టి ఆ బండిని కొనుక్కుని, మంచిరోజు చూసుకుని దాన్ని తీసుకెళ్లడానికి ఇడపనూరు నుంచి ఇంటిల్లిపాదితో వచ్చిన శరణబసవ చేతిలో తాళాలు పెట్టాడు.