నాలుగుకీ ఐదుకీ మధ్య

"లిఫ్టు ఆపింది నేనేనండీ," అన్నాడు మెకానిక్కు, ఎవరూ అడగకముందే.

పేట గ్రంథాలయంలో పత్రికలు చదివే పొడవాటి బల్లకు అవతల ముగ్గురు కూర్చుని ఉన్నారు. మధ్యలో రిటైరైన నర్సు, ఒకపక్క చెప్పులు కుట్టే ముసలాయన, ఇంకోపక్క స్కూలు బస్సు డ్రైవరు. చిన్నాచితకా తగాదాలను ఆదివారం పూట పేటవాళ్లే తేల్చే కోర్టు అది. ఇక్కడ తేలితే ఇక్కడితో సరి. తేలకపోతే పోలీసు కేసు అవుతుంది. వచ్చే నెల లైసెన్సు మళ్లీ రాయించుకోవలసిన మెకానిక్కుకు ఆ తేడా బాగా తెలుసు. అందుకే పొద్దుటి నుంచీ కాలు గాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

వెనక కుర్చీలో అతని అత్తగారు ఉంది. ఆ లిఫ్టు ఉన్న అపార్టుమెంటులో ఆరంతస్తుల మెట్లూ కడిగేది ఆవిడే. నోరు విప్పొద్దని ఇంట్లో మూడుసార్లు, దారిలో రెండుసార్లు చెప్పాడు. ఆవిడ తల ఊపింది గానీ, ఆ ఊపుడు మీద అతనికి నమ్మకం కుదరలేదు. కొంగు చివర వేలికి చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం. అతను మాటిమాటికీ వెనక్కి తిరిగి అది చూస్తున్నాడు.

ఫిర్యాదు చేసింది అపార్టుమెంటు సంఘం అధ్యక్షుడు. శిక్ష గట్టిగా ఉండాలని, నలుగురి కళ్లముందూ జరగాలని ఆయన వస్తూనే చెప్పేశాడు. నర్సు ఒక కాగితం ముందుకు జరిపింది. తప్పు ఎవరిదని తేలినా, తీర్పు ఏదైనా, రెండు వైపులవాళ్లూ దానికి కట్టుబడి ఉంటామని రాసి ఉంది. అధ్యక్షుడూ మెకానిక్కూ సంతకాలు పెట్టారు.

ఎందుకు ఆపావని డ్రైవరు అడిగాడు. టెస్టింగు కోసమని మెకానిక్కు నసిగాడు. లోపల మనిషి ఉండగా టెస్టింగు ఏమిటని ముసలాయన అడిగాడు.

"సరే, లోపల ఏం జరిగిందో మీరు చెప్పండి," అంది నర్సు అధ్యక్షుడితో.

ఆయన మొదట దబాయింపుగానే మొదలుపెట్టాడు. ఆరు పూలకుండీలు, నిండా తడిమట్టితో, లిఫ్టులో పెట్టుకుని తన ఆరో అంతస్తుకు బయల్దేరాడు. నాలుగుకీ ఐదుకీ మధ్య కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, ఫోను పలకలేదు. తలుపు బాదీ బాదీ చేతులు వాచాయి. పదకొండు నిమిషాలు. అక్కడికొచ్చేసరికి ఆయన గొంతు సన్నబడింది.

"అక్కడే పోతాననుకున్నానండీ. ఇప్పటికీ ఒక్కణ్నే లిఫ్టు ఎక్కలేను. ఇంకెవరైనా వచ్చేదాకా కింద నిలబడి ఉంటాను. ఎందుకు నిలబడ్డారని అడిగితే పేపరు కోసమని చెబుతాను."

వెనక కుర్చీ కిర్రుమంది. మెకానిక్కు గిరుక్కున వెనక్కి తిరిగాడు.

"అల్లుడిది తప్పేం లేదమ్మా," అంది అత్తగారు లేచి నిలబడి. "స్విచ్చి తీసింది నేను."

అతను ఆపబోయాడు. నర్సు చెయ్యెత్తి అతన్నే ఆపింది.

ఆవిడ తడబడుతూనే అంతా చెప్పుకొచ్చింది. బకెట్ల బరువుకు లిఫ్టు పాడవుతుందని, పనివాళ్లు ఎక్కకూడదని అధ్యక్షుడు గారు రూలు పెట్టారు. రెండు చేతుల్లో రెండు బకెట్లతో రోజూ ఆరంతస్తులూ ఎక్కుతోంది. ఆ రోజు ఆయన కుండీలు ఎక్కిస్తూ కనిపించేసరికి ఒళ్లు మండింది. ఒక్కపూట ఆయన కూడా మోసుకుంటూ ఎక్కుతారులే అనుకుని మీటర్ల గదిలోకి వెళ్లి స్విచ్చి తీసింది. అప్పటికే లిఫ్టు కదిలిందని ఆవిడకు తెలియదు. కేకలు విని మళ్లీ వేస్తే అది కదల్లేదు. వెంటనే అల్లుడికి ఫోను చేసింది. అతను పరుగెత్తుకొచ్చి పైన మోటారు గదిలో చేత్తో చక్రం తిప్పి లిఫ్టును దించాడు.

"మిమ్మల్ని భయపెట్టాలని కాదు బాబూ," అంది అధ్యక్షుడి వైపు తిరిగి. "ఇంత భయపడ్డారని ఇప్పుడే తెలిసింది. తప్పే."

ముసలాయన మెకానిక్కును, ఆ లిఫ్టు ఎంత మోస్తుందని అడిగాడు. ఆరుగురు మనుషుల్ని, అంటే నాలుగు వందల ఎనిమిది కిలోలని అతను చెప్పాడు. రెండు బకెట్లు ఎంత ఉంటాయని మళ్లీ అడిగాడు ముసలాయన. ముప్ఫై ఉండొచ్చని జవాబు. అధ్యక్షుడు కిటికీలోంచి బయటకు చూశాడు.

ముగ్గురూ తలలు దగ్గర పెట్టి కాసేపు గుసగుసలాడారు. మెకానిక్కుకు ఆ కాసేపూ ఒక యుగం. అత్తగారి పని పోతుంది, ఈ వయసులో ఇంకెవరిస్తారు అనే ఆలోచన తప్ప బుర్రలో ఇంకేమీ లేదు.

నర్సు మొదట మెకానిక్కు సంగతి తేల్చింది. కోర్టులో అబద్ధమాడినందుకు గ్రంథాలయం ఫ్యాన్లన్నీ బాగుచెయ్యాలి. తర్వాత అధ్యక్షుడి వైపు తిరిగింది.

"ఈవిడ శిక్ష ఎన్నాళ్లుంటే మీకు తృప్తి?"

"మూడు నెలలకు తగ్గకూడదు," అన్నాడాయన. గొంతు మళ్లీ కాస్త గట్టిపడింది.

నర్సు ఆ మాటే కాగితం మీద రాసి, పైకి చదివింది.

"మూడు నెలల పాటు, పనిలో ఉన్నంతసేపూ, అధ్యక్షుడు గారు ఎప్పుడు లిఫ్టు ఎక్కినా ఈమె ఆయన పక్కన నిలబడి ఆరో అంతస్తు దాకా తోడు వెళ్లాలి. బకెట్లు చేతిలో ఉంటే వాటితోనే ఎక్కాలి. పైనుంచి కడుగుతూ దిగాలే తప్ప, శిక్ష పూర్తయ్యేదాకా ఆ భవనంలో ఈమె ఒక్క మెట్టు కూడా ఎక్కడానికి వీల్లేదు."