వీపు మీద అక్షరం

బడిలోకి అడుగుపెట్టిన టీచరమ్మకు లోపల ఒక్క పిల్లా కనిపించలేదు.

చాపలు ఖాళీగా ఉన్నాయి. బయట గోడ పక్కన నీడలో మాత్రం ఒకటే కిలకిలలు.

కిటికీలోంచి తొంగి చూసి ఉలిక్కిపడింది.

పిల్లలంతా రైలుపెట్టెల్లా ఒకరి వెనక ఒకరు కూర్చున్నారు. చివరివాడు ముందున్న పిల్ల వీపు మీద వేలితో ఏదో రాశాడు. ఆ పిల్ల తన ముందున్నవాడి వీపు మీద అదే రాసింది. అలా పాకుతూ పాకుతూ అక్షరం అందరికంటే ముందున్న పిల్ల దాకా వచ్చింది.

"మ!" అని అరిచింది ఆ పిల్ల.

"కాదు, నేను రాసింది య!" అన్నాడు చివరివాడు.

అందరూ విరగబడి నవ్వారు. వాళ్లతోపాటు వరసలో కూర్చున్న వాలంటీరు అమ్మాయి కూడా నవ్వింది.

టీచరమ్మకు ఒళ్లు మండిపోయింది.

ఆ ఆట తనది!

కొండ మీద గిరిజన పిల్లల కోసం ఈ బడి పెట్టిన కొత్తలో, నల్లబల్ల రాకముందు, పలకలు అందకముందు, తన బుర్రలోంచి పుట్టిన ఆట. తర్వాత బల్ల వచ్చింది, బొమ్మల చార్టులు వచ్చాయి, ఆట మూలపడింది. మూలపడితే మాత్రం తనది కాకుండా పోతుందా?

బడి నడిపే సంస్థవాళ్లు ఈ అమ్మాయిని పంపినప్పటి నుంచీ ఇదే వరస. జీతం లేని పని, నాలుగు రోజులుండి పోతుందిలే అనుకుంది టీచరమ్మ. పోలేదు. పైగా టీచరమ్మ వస్తే పిల్లలు "గుడ్మార్నింగ్ టీచర్" అని లేచి నిలబడతారు. ఈమె వస్తే "అక్కా" అంటూ చేతులు పట్టుకుని వేలాడతారు.

విసవిసా బయటికి వచ్చింది.

"ఈ ఆట నీకెవరు చెప్పారమ్మాయ్?"

అమ్మాయి ముఖం వెలిగిపోయింది. "అదే మీకు చెబుదామనుకుంటున్నానండీ. నేను..."

"ఏం చెప్పక్కర్లేదు. నాకు తెలుసు."

తెలుసనే అనుకుంది మరి. పోయిన ఏడాది టీచర్ల మీటింగులో అందరి ముందూ ఈ ఆట ఆడించి చూపించింది తనే. అక్కడే ఎక్కడో కూర్చుని చూసి ఉంటుంది, మహాతల్లి.

ఇంటికి వెళ్లి భర్త దగ్గర గోల పెట్టింది.

"నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు ఉంటుందండీ! నా ఆట ఎత్తుకొచ్చి నా పిల్లలకే నేర్పుతోంది."

"ఎవరు నేర్పితేనేం, వాళ్లకు అక్షరాలొస్తున్నాయిగా?"

"మీకేం, ఎన్నైనా చెబుతారు. రేపు ఈ బడికి ఒక్కరు చాలంటే ఎవరిని ఉంచుతారు?"

భర్త నవ్వాడు. "నీ ఏడుపు ఉద్యోగం గురించి కాదులేవే. 'అక్కా' అని వేలాడుతున్నారని."

కంచం ముందు నుంచి లేచిపోయింది టీచరమ్మ. నిజమే, అది కుళ్లే. కుళ్లని తెలిసినంత మాత్రాన తగ్గుతుందా?

మర్నాడు తనే పిల్లలను వరసగా కూర్చోబెట్టింది.

"రండి, వీపు ఆట ఆడదాం."

"అక్కను పిలవండి టీచర్! అక్కయితే మాతోపాటు కూర్చుంటుంది" అన్నాడు బుడ్డోడొకడు.

అంతే. సూపర్‌వైజరు వచ్చిన రోజు టీచరమ్మ తేల్చి చెప్పేసింది.

"ఈ బడిలో నేనైనా ఉండాలి, ఆ పిల్లైనా ఉండాలి సార్."

"ఏం చేసిందమ్మా?"

"దొంగతనం. నా ఆటను తన ఆటలా ఆడిస్తోంది."

ఆయన తల గోక్కున్నాడు. ఇన్నేళ్లుగా ఎండనక వాననక కొండెక్కి వచ్చే టీచరును ఎలా వదులుకుంటాడు?

"సరే, ఆమెను ఏటి అవతల బడికి పంపేస్తాను."

వెళ్లే రోజు అమ్మాయి గుమ్మం దగ్గరికి వచ్చింది.

"వెళ్లొస్తానండీ. మీతో ఒక్క మాట..."

టీచరమ్మ నల్లబల్ల తుడుస్తూనే ఉంది. తుడవడానికి దాని మీద ఏమీ లేదు.

"చీకటి పడేలోపు కొండ దిగమ్మా" అంది, వెనక్కి తిరగకుండానే.

అమ్మాయి కొండ దిగి వెళ్లిపోయింది.

హమ్మయ్య, పీడ వదిలింది అనుకుంది టీచరమ్మ.

మర్నాటి నుంచి పిల్లలు బుద్ధిగా చాపల మీదే కూర్చున్నారు. చెప్పింది చదివారు, ఇచ్చింది రాశారు. ఎవరూ నవ్వలేదు.

సూపర్‌వైజరు మళ్లీ వచ్చినప్పుడు ఆమె ఉండబట్టలేక అడిగింది.

"ఏం సార్, ఏటి అవతల కూడా నా ఆటే ఆడిస్తోందా?"

"అక్కడ చేరనేలేదమ్మా. 'ఈ బడి కోసమే వచ్చాను, ఇది కాకపోతే ఇంకెక్కడా వద్దు' అంది. ఎక్కడో దూరాన ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయింది. ఇక రాదు."

"చెప్పానా! మొదట్నుంచీ నా కుర్చీ మీదే కన్ను. ఆ మీటింగులో నన్ను చూసి..."

"ఆ పిల్ల ఏ మీటింగుకూ రాలేదమ్మా."

"మరి ఆ ఆట ఎక్కడ నేర్చుకుంది?"

"వెళ్లేటప్పుడు నేనూ అదే అడిగాను." ఆయన గొంతు తగ్గించాడు. "బడి పెట్టిన ఏడాది పక్క కొండ నుంచి ఓ చిన్నపిల్ల నడిచి వచ్చేదట. ఒక్క వానాకాలమే చదివిందట. తర్వాత అమ్మానాన్నలు పని వెతుక్కుంటూ దూరం తీసుకుపోయారట. మీరే గుర్తుపడతారని చాలా రోజులు చూసిందట. ఆ తర్వాత చెప్పబోతే మీరు విననేలేదట."

టీచరమ్మ కిటికీలోంచి గోడ పక్క నీడకేసి చూసింది.

"మీరు ఆ ఆట మొదలుపెట్టిన రోజు, మొదటి అక్షరం రాసింది ఆమె వీపు మీదేనమ్మా."