చుట్టుకో వేలిముద్ర

"పద తల్లీ," అన్నాడు ఇన్‌స్పెక్టరు బేడీలు తీస్తూ. "దొంగలు పడ్డ ప్రతి ఇంట్లోనూ నీ బొటనవేలి ముద్రే!"

ఫిల్ము ఫ్యాక్టరీలో ఆమె తన అచ్చు యంత్రం ఆపింది. "చవగ్గా వస్తుందని కిటికీలకీ, కళ్ళద్దాలకీ మా ఫిల్ము అంటించని ఇల్లుందా సార్? గాజు మెరవకుండా దానిమీద కంటికి కనపడని గుంటలు అచ్చేస్తాం. అచ్చు రోలరు పూత ఆరకముందే నా వేలు తగిలింది. రోలరు తిరిగినప్పుడల్లా ఆ ముద్ర కూడా పడుతోంది. కావాలంటే మీ కళ్ళజోడు చూసుకోండి."

ఆయన కళ్ళజోడు తీసి భూతద్దంతో చూశాడు. ముద్ర ఉంది. భూతద్దం మీద కూడా ఉంది.

"ఖర్మ! ఇక నీ వేలిముద్ర ఎక్కడ దొరికినా ఏ కోర్టూ నమ్మదు," అని బేడీలు జేబులో కుక్కుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఆమె ఇంటికెళ్ళి మొగుడితో అంది:

"ఇకమీదట ఎవరింటి బీరువా అయినా నేనే తెరుస్తానండీ. నాకు గ్లౌజులు అక్కర్లేదు."