పాత గూళ్ల గోరింక

వానలు తగ్గగానే గిజిగాళ్లు తుమ్మచెట్టుకు అల్లిన గూళ్లు వదిలి వెళ్లిపోతారు. వాటిని కొని, బాగుచేసి, చలికి వణికే పిచ్చుకలకు అమ్మడం ఒక గోరింక వ్యాపారం. ఆ ఏడు దాని దగ్గర చలికాలమంతటికీ పది జొన్నకంకులే ఉన్నాయి.

"గూటికో కంకి. ఏరకుండా పది గూళ్లూ తీసుకుంటే తొమ్మిది కంకులే, గోరింకమ్మా" అన్నాడు గిజిగాడు.

"పాత గడ్డికి కంకులా! మతి పోయిందా?" అంది పక్క కొమ్మ మీది కాకి.

గోరింక గూళ్ల దగ్గరికి ఎగిరింది. ఒక్కో గూటికి తలకిందులుగా వేలాడి ఊగింది. ఆరు గూళ్లు కొమ్మ దగ్గర కిరకిరమన్నాయి. నాలుగు చప్పుడు చేయలేదు. ఆ నాలుగే కొంది. ఒక్క గూడూ అమ్ముడుపోకపోయినా, మిగిలిన ఆరు కంకులతో చలికాలం గట్టెక్కవచ్చు.

మూడు గూళ్లను పిచ్చుకలు రెండేసి కంకులిచ్చి కొనుక్కున్నాయి. నాలుగోది గాలివానకు తెగి నేల మీద పడింది.

"నేను చెప్పలా!" అని కాకి గంతేసింది.

"ఒకటి పడుతుందని కొన్నప్పుడే అనుకున్నాను బావా. ఏది పడుతుందో తెలియలేదంతే" అంది గోరింక.

ఇంతలో పొదలోంచి ఒక ఎలుక తల బయటపెట్టింది. "అమ్మా, ఆ పడిన ఇల్లు అమ్ముతారా? నాకు ఎత్తంటే భయం."

"అరకంకి" అంది గోరింక.

కాకి కాసేపు ముక్కు గోక్కుంది. "పై ఏడు నేనూ వచ్చి ఊగి చూడనా?"

"నీ బరువుకు గట్టివి కూడా తెగుతాయి. అయినా రా బావా, ఎలుకలు చాలా ఉన్నాయి."